గెడ్డకి ఇవతలి కొస

మా ఊళ్ళో నన్ను జగన్నాధం అని పిలిచేవాళ్ళు తక్కువ. కోతల జగ్గడు అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదండీ, కష్టపడి సంపాదించుకున్నాను. పెద్ద తుపానప్పుడు మా పెరటి కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా ఎగిరెళ్ళి రామతీర్థం కొండ మీద దిగబడిందనీ, ఇప్పటికీ అక్కడ దేవుడికి దాని కాయలే కొడుతున్నారనీ చెప్పింది నేనే. మా నల్లగేదె పాలమీగడ మీద పిల్లలు పలకలు పట్టుకుని కూర్చుని చదువుకునేవారని చెప్పిందీ నేనే. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. చేసుకుంటానని నలుగురితో చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

కోతలు కొయ్యడానికి నోరొక్కటే చాలదు. పక్కన ఒక సాక్షి ఉండాలి. నా సాక్షి దాలయ్య బావ.

బావంటే చుట్టరికం కాదు. మాది పొలం, వాళ్ళది సముద్రం. తెల్లారగట్ల తీరంలో చేపలు కొని, తన పాత వేన్లో ఐసు వేసుకుని, హైవే ఎక్కి, మా ఊరి దగ్గర నన్నెక్కించుకుని రణస్థలం బజారుకి పోయేవాడు. ఆ బజార్లో నాకు పనేమీ లేదు. వేన్లో నాతో ఆయనకీ పనేమీ లేదు. దారి పొడుగునా నేను కోస్తుంటే, ఆయన స్టీరింగు మీద అరచేత్తో కొట్టుకుంటూ నవ్వేవాడు. టీ కొట్టు దగ్గర ఎవడైనా, "ఊరుకో తాతా, కొబ్బరిచెట్టు ఎగరడమేటి" అంటే, బావ మొహం బిగించేవాడు.

"ఎగిరింది రా. ఆ పొద్దు నాను సంద్రం మీదే ఉన్నాను. నా నెత్తి మీంచే ఎల్లింది. రెండు కాయలు పడవలో రాలినాయి కూడాను."

అంతటితో అడిగినవాడు గ్లాసు దించి వెళ్ళిపోయేవాడు. మేమిద్దరం వేనెక్కాక కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుకునేవాళ్ళం.

ఆ బావ ముందటేడు పోయాడు. నా పక్క సీట్లోనే పోయాడు.

మా ఊరు గెడ్డపేట. ఎచ్చెర్ల దాటి విశాఖపట్నం వేపు వస్తుంటే హైవే పక్కనే ఉంటుంది. ఊరైపోయే చోట గెడ్డ, అంటే మీరు వాగంటారే అది, గెడ్డ మీద వంతెన, బళ్ళు గెడ్డలోకి దొర్లిపోకుండా వంతెన పొడుగునా రోడ్డు పక్కన ఇనప రేకుల కంచె. గెడ్డకి ఇవతల మా పొలిమేర, అవతల మెట్టవలస వాళ్ళది. కంచె మొదలయ్యే కొస మా వేపు, అయిపోయే కొస వాళ్ళ వేపు. మొదలయ్యే కొసని రెండు పాయలుగా విప్పి, అచ్చం చేప తోకలాగ పెట్టి వదిలేశారు. వచ్చే బళ్ళకి ఎదురుగా ఉంటుందది.

ఆ రోజు వెనకనుంచి ఒక లారీ మమ్మల్ని రాసుకుంటూ వచ్చేసింది. బావ ఎడమకి తిప్పాడు. కుడి చక్రాలు తప్ప వేను మొత్తం రోడ్డు దిగిపోయింది. ఆ తోక వేను ముందు రేకుని కాగితంలా చింపుకుని సరిగ్గా బావ కూర్చున్న వేపు దిగింది. నాకు పక్కటెముకలు విరిగాయి. తరవాత నాకు తెలిసింది శ్రీకాకుళం ఆసుపత్రిలో ఫేను రెక్కలే.

నేనలా స్పృహ లేకుండా పడుకునుండగా మా ఊరివాళ్ళు ఒక పని చేశారు. నన్ను చూడ్డానికొచ్చినవాళ్ళు గుసగుసలాడుకుంటే తరవాత విన్నాను.

మాకు గెడ్డమ్మ తల్లి పండగ ఏటేటా రాదు. ఎన్నో ఏళ్ళకోసారి చేస్తాం. దానికి ముందు ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక, పండగ అయ్యేదాకా, పొలిమేరలో చావు మాట వినబడకూడదు. వినబడిందా, ఆ పండగ చెల్లదు. ఆ వారమే చాటింపు పడింది. కోళ్ళూ పొట్టేళ్ళూ కొనేశారు, ఆడబడుచులందరికీ కబుర్లెళ్ళిపోయాయి. అందుకని పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో ట్రాక్టరు తెచ్చారు. వేనుకి గొలుసు కట్టి, లోపల బావ ఉండగానే, వంతెన మీంచి ఈడ్చి అవతలి కొస దగ్గర పెట్టేశారు. చచ్చిపోయిన మనిషిని గెడ్డ దాటించేశారు.

ఇంత తెలివి గలవాళ్ళు ఒక్క సంగతి మరిచిపోయారు. కంచె ఉన్న పక్క రోడ్డు మీద బళ్ళన్నీ మా ఊరి వేపునుంచి మెట్టవలస వేపే పోతాయి. అవతలి కొస బళ్ళకి వీపు చూపిస్తుందే గాని మొహం చూపించదు. దాన్ని గుద్దాలంటే ఎదురు రావాలి. పోలీసులు వచ్చారు, చూశారు, నాకు స్పృహ రాకముందే కనబడ్డదే రాసుకున్నారు. రాంగ్ రూట్లో వచ్చి గుద్దుకున్నాడని. జన్మలో హారను కూడా గట్టిగా కొట్టని మనిషి మీద పడిన మాట అది.

ఆసుపత్రినుంచి వచ్చాక ఊరంతా తిరిగి చెప్పాను. బావ ఇవతలే పోయాడురా, మన పొలిమేరలోనే పోయాడురా అని. విన్నవాడల్లా నవ్వాడు.

"కొబ్బరిచెట్టు కూడా సూసిందేటి తాతా?"

తెలియనివాళ్ళు మామూలుగా నవ్వారు. ట్రాక్టరుకి గొలుసు కట్టినవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు.

అప్పట్నుంచీ పొద్దున్నే పోయి ఆ కొస దగ్గర రాయి మీద కూర్చోవడం అలవాటైపోయింది. నేనేం కాపలా కాస్తానండీ? లారీ వస్తే ఆపుతానా? ఊరికే కూర్చునేవాణ్ణి. బళ్ళు వచ్చేవి, ఆ తోక అంచున గాలి కోసుకుంటూ పోయేవి. అదంతా ఎవరితో అనను? ఇంటికెళ్తే ఇంట్లో నేను తప్ప మనిషి లేడు. ఇంకొకడు ఇక్కడ పోకముందే ఆ తోకని తీయించాలన్నది ఒక్కటే నాకు పట్టుకుంది. ఎవర్ని అడగాలో మాత్రం తెలీదు.

మొన్న శీతాకాలం ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి నెత్తిన పసుప్పచ్చ టోపీ పెట్టుకున్న అమ్మాయి దిగి, టేపుతో ఆ కొసని కొలవడం మొదలెట్టింది. పేరు అరుణశ్రీ అట. ఇంజినీరట. విజయనగరం పిల్ల.

"ఏటమ్మా కొలుత్తన్నావు? సొక్కా కుట్టిస్తావేటి దానికి?"

నవ్వింది. నన్ను చూసి కాక నా మాటకి ఒకరు నవ్వి చాలా రోజులైంది.

"దీన్ని మార్చాలో అక్కర్లేదో చూస్తున్నాం తాతగారూ. ఇప్పుడు కొత్త రకం కొసలు వచ్చాయి. బండి గుద్దితే లోపలికి దిగవు. ముందున్న పలక వెనక్కి జరుగుతూ, రేకుని నలిపేస్తూ, బండిని మెల్లగా ఆపుతుంది."

"ఆపుతాదని ఎవులు సెప్పినారు?"

"గుద్ది చూశారండి."

ఫోన్లో చూపించింది. ఒక కారు, నడిపేవాడు లేడు, జోరుగా వచ్చి కొసని గుద్దింది. రేకు పక్కకి చాపలా చుట్టుకుపోయింది. కారు ముందు భాగం నలిగింది గాని, లోపల బెల్టు పెట్టుకుని కూర్చున్న ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు.

"ఆలెవులు? బతికినారా?"

"బొమ్మలు తాతగారూ. మనుషులతో పరీక్ష చెయ్యరు కదా."

"మా ఊళ్ళో మనుషులతోనే సేసేసినారమ్మా" అన్నాను.

ఆ పిల్ల టేపు చుట్టడం ఆపి నా మొహంలోకి చూసింది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. అలా గుద్దించి పాసైన కొసలకే పైనుంచి డబ్బు మంజూరవుతుందట. అదీ అన్ని కొసలకీ ఒక్కసారి రాదట. జనం పోయినట్టు రికార్డున్న చోటికి ముందు.

"ఈ కొస దగ్గర ఒక్క ప్రమాదం కూడా లేదు. అవతలి కొస దగ్గర ఒకటుంది గాని, అది రాంగ్ రూట్ అని ఉంది. పైగా అది బళ్ళకి ఎదురుండే కొస కాదు, దానికి ఎలాగూ ఇవ్వరు. అంచేత రెండిటికీ రాదు."

నేను లేచి నిలబడ్డాను. బావ సంగతి మొత్తం, లారీ దగ్గర్నుంచి ట్రాక్టరు గొలుసు దాకా చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. కలపకుండా చెప్పడం నాకు అలవాటు లేదేమో, కథ చాలా చప్పగా వచ్చింది. అయినా ఆ పిల్ల పెన్ను తీసింది. ఇంతలో టీ కొట్టు నాగబాబు గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

"మేడం, ఈ తాత మాట రాసుకోకండి. మొన్న సంద్రం అడుగున సైకిల్ తొక్కినానని సెప్పినాడు."

"తొక్కినాను రా. నిజమే" అనేశాను. నోటి అలవాటు!

పెన్ను ఆగిపోయింది. ఆ పిల్ల కోప్పడలేదు. "రేపు పొద్దున్న పెద్దల్ని ఇక్కడికే రమ్మంటాను తాతగారూ. ఊరు ఒప్పుకుంటే పోలీసువాళ్ళకి రాసి సరిచేయిస్తాను. ఊరు కాదంటే నేనేమీ చెయ్యలేను" అని జీపెక్కింది.

మర్నాడు పొద్దున్నే ఊరు ఊరంతా వంతెన దగ్గరికొచ్చింది. ఇంజినీరమ్మని చూడ్డానికి కొందరు, నన్ను చూసి నవ్వడానికి కొందరు. సర్పంచి రమేష్‌బాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు నిలబడ్డాడు. అరుణశ్రీ సూటిగా అడిగింది, ఈ కొస దగ్గర ఎవరైనా పోయారా అని.

"గెడ్డమ్మ తల్లి దయ మేడం" అని చేతులు జోడించాడు రమేష్‌బాబు. "తల్లి ఊరి మొదట్లోనే కూకుంది కదా. ఇటేపు ఒక్క బొట్టు నెత్తురు పడనేదు."

"ఒక్క బొట్టు పడనేదు" అన్నారు వెనకాల వాళ్ళు.

వాళ్ళు గర్వంగా చెప్పుకుంటున్నారండీ. అమ్మవారి గొప్ప చెప్పుకుంటే ఇంజినీరమ్మ మెచ్చుకుంటుందనుకున్నారు. ఆ గొప్పతోనే ఆ తోక అక్కడ శాశ్వతంగా ఉండిపోతుందని ఒక్కడికీ తట్టలేదు.

"ఒరే రమేసు, నీ కళ్ళ ముందే గొలుసు కట్టినారు కాదేటి రా?" అన్నాను.

"ఊరుకో తాతా. పెద్దోడివైపోనావు, మతి తిన్నగా లేదు" అన్నాడు, మెల్లగా, జాలిగా. జనం నవ్వారు. ఆ పిల్ల తల దించుకుని కాగితాలు సంచీలో పెట్టుకోవడం మొదలెట్టింది.

అప్పుడు నాకేం తోచిందో చెబుతాను. ఈ ఊరు జగ్గడి మాట నమ్మదు. జగ్గడి నోట్లోంచి ఇంకెవరైనా మాట్లాడితే నమ్ముతుంది.

నెత్తి మీది తువ్వాలు తీసి అవతల పారేశాను. తల ఒక్క విదిలింపు విదిలించాను. పళ్ళు పటపట కొరికాను. చిన్నప్పట్నుంచీ ఎన్ని ఊళ్ళ పండగల్లో పూనకాలు చూళ్ళేదు? ఎక్కడ ఊగాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కళ్ళు తేలెయ్యాలో నాకు తెలుసు. గొంతు బొంగురు చేసి ఒక్క కేక పెట్టాను. కాకులు లేచిపోయాయి.

"ఒరేయ్! నాకు కళ్ళు లేవనుకున్నార్రా?"

నవ్వులు ఆగిపోయాయి.

"నా పొలిమేరలో పోయినోణ్ణి గెడ్డ దాటిస్తార్రా? నా పండగ కోసం నాకే అబద్ధమాడతార్రా?"

ఎవరో ముసలమ్మ "తల్లీ" అని రోడ్డు మీదే సాగిలపడింది. దాంతో అందరూ పడ్డారు. నాగబాబు గ్లాసులన్నీ పడేసి పడ్డాడు. ఎవరో పరిగెత్తుకెళ్ళి వేపరొట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. నమలాలి కదా మరి, నమిలాను. చేదు నషాళానికంటింది. ఇంకెవరో పసుపునీళ్ళు బిందెతో తెచ్చి నెత్తిన గుమ్మరించారు. శీతాకాలం పొద్దు, వణుకు దానంతటదే వచ్చింది, నటించక్కర్లేకపోయింది.

"సెప్పండి రా! సెప్పినోడి జోలికి రాను. దాసినోడి ఇంటికే వత్తాను!"

ఆ ఒక్క మాటతో తెగింది. రమేష్‌బాబు చెంపలు వాయించుకుంటూ, "తప్పయిపోనాది తల్లీ, ట్రాక్టరు నాదే తల్లీ" అన్నాడు. గొలుసు కట్టినవాడు గొలుసు సంగతి చెప్పాడు. తోసినవాళ్ళు తోసిన సంగతి చెప్పారు. బావ చేతి గడియారం ఇవతల గడ్డిలో దొరికిందని, భయమేసి గెడ్డలో పారేశానని ఒకామె ఏడ్చింది. అందరూ అరుణశ్రీ మీద విరుచుకుపడి, "నా మాట రాసుకో, నా మాట ముందు రాసుకో" అని ఒకటే గోల. ఆ గోలలో ఒకావిడ నా కాళ్ళ దగ్గరికి పాకి వచ్చి, "తల్లీ, మా ఆవు ఈసారైనా పెయ్యని ఏస్తాదా?" అని అడిగింది. వేస్తుందన్నాను. ఏం చెయ్యను మరి.

మీరడుగుతారు, నిజంగా తల్లి వచ్చిందా అని. రాలేదండీ. ఊగుతున్నంతసేపూ లోపల ఎదురుచూశాను, ఇంత అబద్ధానికైనా కోపమొచ్చి వస్తుందేమో, కనీసం బావైనా వచ్చి పక్కన నిలబడతాడేమో అని. ఎవరూ రాలేదు. తడిబట్టలతో నేనొక్కణ్ణే ఉన్నాను.

అరుణశ్రీ వెళ్ళే ముందు నా దగ్గరికొచ్చింది. అందరూ నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ పిల్ల గొంతు తగ్గించి, "వేపాకు చేదుగా ఉందా తాతగారూ?" అంది. కళ్ళు నవ్వుతున్నాయి. "సచ్చేంత సేదమ్మా" అన్నాను. అదే నన్ను ఎవరైనా ఆటపట్టించడం ఆఖరు. ఆ పిల్లకి తరవాత ఒడిశా వేపు బదిలీ అయిపోయిందని విన్నాను.

కాగితాలు తిరిగాయి, పోలీసులు మళ్ళీ వచ్చి మాటలు రాసుకున్నారు, ఎండలు ముదిరేసరికి మంజూరొచ్చింది. క్రేను వచ్చి చేప తోకని కోసి పట్టుకుపోయింది. దాని చోట పసుపూ నలుపూ చారలున్న పలకతో కొత్త కొస పెట్టారు. మా ఆడవాళ్ళు దానికి పసుపు రాయబోతే పనివాళ్ళు మొత్తుకున్నారు, ఆల్రెడీ పసుపే కదమ్మా అని.

బాగుంది కదా అంటారు. బాగుంది. నేను టీ కొట్టుకెళ్ళాను, మనసు కాస్త తేలికపడితే. బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

"కూకోండ్రా. ఇయ్యాల పొద్దున ఏటైనాదో తెలుసా? ఓ పీత మా ఇంటికొచ్చి, తలుపు కొట్టి, ఎచ్చెర్ల యూనివర్సిటీకి ఏ బస్సెక్కాలని అడిగింది రా."

ఒక్కడూ నవ్వలేదు. నాగబాబు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని వంగి అందించాడు.

"ఏ బస్సని సెప్పినారండి?" అన్నాడు, భక్తిగా. నన్ను అండీ అన్నాడు!

"ఒరే నాగబాబు, పీత రా! పీత! కొయ్యకు తాతా అని తిట్టరా!"

"అమ్మమ్మా, ఎంత మాట!" అని చెంపలేసుకున్నాడు. మర్నాడు ఎచ్చెర్ల వెళ్ళే బస్సుకి ఎవరో పీతబొమ్మ గీసి దండ వేశారు. ఇది కోత కాదు.

ఏం చెప్పినా నమ్మేస్తున్నారు. సముద్రం అడుగున సైకిల్ తొక్కింది కూడా ఇప్పుడు మహిమే. మా వీధిలో పిల్లలు నన్ను చూస్తే ఆట ఆపేస్తున్నారు. ఒరే జగ్గా అనేవాళ్ళు లేరు.

ఉండబట్టలేక ఒక రోజు బావ వాళ్ళ ఊరెళ్ళాను. మరిడమ్మ అక్కడుంది, బావ భార్య. నోరు పెద్దది. నేను వాళ్ళింటికెళ్ళినప్పుడల్లా, "వచ్చినాడమ్మా అబద్ధాల మూట! ఒసే పిల్లలూ, సెవులు మూసుకోండే" అని అరిచేది. వడ్డించేటప్పుడు కూడా తిట్టేది. ఆ తిట్లు పడదామనే వెళ్ళాను.

ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి చేతులు కొంగుకి తుడుచుకుంది. నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. మరిడమ్మ దగ్గరికొచ్చి వంగి నా కాళ్ళకి దండం పెట్టింది.

"ఏటే మరిడీ, నాను జగ్గణ్ణే" అన్నాను.

"తెలుసు బాబూ" అంది. లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది, కింద కూర్చుంది. చాప అంచు లాగుతూ అడిగింది. "తల్లి మీ మీదకొచ్చింది కదా. మా ఆయన గాని అగుపడినాడేటి? ఏటైనా సెప్పినాడా?"

జీవితంలో నేను ఒక్కసారి కూడా మాటకి తడుముకోలేదండీ. ఎవరేమడిగినా నా దగ్గర ఏదో ఒకటి ఉండేది. మరిడమ్మ మొహం చూస్తే ఏదీ రాలేదు. ఆఖరికి చూసిందే చెప్పాను.

"రాంగ్ రూట్ రానేదే. తన దారిలోనే, మెల్లగానే వచ్చినాడు. లారీ తోసేసింది. నొప్పి తెలిసేంత సేపు లేదు."

"అలాగని ఆయనే సెప్పినాడా?"

"నాను పక్కనే కూకున్నాను కదే" అన్నాను.

ఆవిడకి ఆ జవాబు చాలినట్టు లేదు. దేవుడు చెప్పాడని వినాలనుంది. పక్కన కూర్చున్న మనిషి చెప్పింది ఏం లెక్క? అయినా తల ఊపి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, లేచి నాకు మజ్జిగ తెచ్చింది. ఒక్క తిట్టు తిట్టలేదు.

బస్సు దాకా వచ్చి ఎండ తగలకుండా నా మీద గొడుగు పట్టింది. తను ఎండలోనే నడిచింది. బస్సులో జనం కిటకిటలాడుతున్నారు. మా వేపు వాళ్ళెవరో గుర్తుపట్టి, ముందు సీటు మొత్తం ఖాళీ చేయించి కూర్చోబెట్టారు. కిటికీ వేపు జరిగి, పక్కన చోటు చేత్తో తుడిచి, "కూకో నాయనా, కూకో" అని అందర్నీ పిలిచాను. సిగ్గుపడుతూ చేతులు జోడించారు. పక్కూరి గోతుల్లో బస్సు ఎగిరెగిరి పడుతుంటే, కడ్డీ పట్టుకుని మీద మీద పడుతూ నిలబడ్డారే గాని, మా ఊరొచ్చేదాకా నా పక్కన ఒక్కరు కూర్చోలేదు.